మద్దెల నిజంగానే ఓడైతే?

ఆడలేక మద్దెల ఓడు అందిట వెనకటికెవరో. ఈ ఒక్క సామెతని అడ్డం పెట్టుకుని మనవాళ్ళు ఎంతమంది నోళ్ళు మూయించారో లెక్కలేదు. ఆఫీసులో కుర్చీ బాలేదంటే మద్దెల ఓడు. మెషీను నత్తలా నడుస్తోందంటే మద్దెల ఓడు. క్లయింటు పంపించిన డాక్యుమెంటులో తలా తోకా లేదంటే, "నీకు అర్థం చేసుకోవడం రాక" అని అదే సామెత, కాస్త ఇంగ్లీషు పూత పూసి. నాకు మాత్రం చిన్నప్పట్నుంచీ ఒకటే సందేహం. ఆ వెనకటావిడ మద్దెలని ఎవరైనా ఓసారి చేతిలోకి తీసుకుని చూశారా? అది నిజంగానే ఓడైతే?

ఈ సందేహం మళ్ళీ ఇప్పుడు ఎందుకొచ్చిందంటే, గిటారు వల్ల. సాఫ్ట్‌వేర్ వాళ్ళకీ గిటారుకీ ఉన్న అనుబంధం గురించి నేను కొత్తగా చెప్పాల్సిందేం లేదు. మొదటి ఉద్యోగం, మొదటి బోనస్, గిటారు. మూడు నెలల క్లాసులు, ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోవడం, తర్వాత ఆ గిటారు నల్ల సంచీలో దూరి బీరువా ఎక్కడం. హైదరాబాదులో, బెంగళూరులో ఏ డబుల్ బెడ్‌రూం ఫ్లాటుకి వెళ్ళినా బీరువా మీద ఒకటి కనిపిస్తుంది. "వాయిస్తారా?" అని అడగండి. అందరిదీ ఒకే జవాబు, "అబ్బే, మన వల్ల కాలేదండీ, సంగీతం మన ఒంట్లో లేదు" అని.

నా గొడవంతా ఈ ఆఖరి మాటతోనే. సంగీతం ఒంట్లో లేకపోవడం కాదు, ఆ గిటారే వాళ్ళ ఒంటికి సరిపోలేదేమో అన్న అనుమానం ఒక్కరికీ రాలేదు. రానివ్వలేదు అంటే ఇంకా సబబు. షాపువాడు రానివ్వలేదు, మాస్టారు రానివ్వలేదు, ఇంటర్నెట్లో పాఠాలు చెప్పే మహానుభావులు అసలే రానివ్వలేదు.

నా కొలతలు ముందే చెప్పేస్తాను. నా ఎత్తు అయిదడుగుల ఒక అంగుళం. నా జానెడు, అంటే బొటనవేలి నుంచి చిటికెనవేలి దాకా చెయ్యి బాగా చాపితే, 18 సెంటీమీటర్లు. మరుగుజ్జునేం కాదు, మా ఇంట్లో ఆడవాళ్ళందరం ఇంతే, మీ ఇళ్ళల్లోనూ చాలామంది ఇంతే ఉంటారు. ఈ చేతులతో గిటారు నేర్చుకోవాలనుకుని, చిన్న ఒళ్ళు, కాస్త పొట్టి మెడ ఉన్న అకౌస్టిక్ గిటారు కోసం హైదరాబాదులో షాపులు తిరిగాను. మూడు షాపుల్లో జరిగిన సంభాషణ దాదాపు ఒకటే కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా.

"చిన్న గిటారు కావాలండీ."

"బాబు వయసెంత మేడమ్?"

"బాబు కాదండీ, నాకే."

ఇక్కడ ఒక నవ్వు. "పెద్దవాళ్ళకి ఫుల్ సైజే మేడమ్. అలవాటైపోతుంది. లేదంటే ఇదిగో, లేడీస్‌కి ఇది బావుంటుంది" అని ఒక గులాబీ రంగు గిటారు. కొలిచి చూస్తే దాని తీగ పొడవు పక్కనున్న నల్లదానంతే ఉంది! అంటే లేడీస్‌కి రంగు మారితే చాలు, వేళ్ళు వాటంతటవే పొడుగవుతాయన్నమాట.

"దీని స్కేల్ లెంగ్త్ ఎంతండీ?" అని అడిగితే మూడు చోట్లా వచ్చిన జవాబు "38 ఇంచెస్ మేడమ్". బాబూ, 38 అంగుళాలు గిటారు మొత్తం పొడవు. తల నుంచి తోక దాకా. నేనడిగింది తీగ మోగే పొడవు. నేను చొక్కా కాలరు సైజు అడిగితే మనిషి ఎత్తు చెప్పినట్టుంది. షాపుల సంగతి సరే, ఆన్‌లైన్లో చూస్తే అక్కడా అదే తంతు. 38, 40, 41 అని పెద్దక్షరాలు, తొమ్మిది రకాల రంగులు, బెల్టు ఫ్రీ, పిక్కులు ఫ్రీ. నా చేతికి సరిపోతుందో లేదో చెప్పే ఒకే ఒక్క అంకె మాత్రం సగం పేజీల్లో అసలు లేదు.

ఇంజనీరింగు వెలగబెట్టినవాళ్ళం కాబట్టి ఆ అంకె ఎందుకంత ముఖ్యమో కాస్త లెక్క చూద్దాం. మెడ చివర, తల మొదలయ్యే దగ్గర ఉండే పట్టీని నట్ అంటారు. రెండో కొసన, బ్రిడ్జి మీద తీగలు ఆనుకునే పట్టీని శాడిల్ అంటారు. ఈ రెంటి మధ్య మోగే తీగ పొడవే స్కేల్ లెంగ్త్. మెట్లన్నీ దీన్నిబట్టే పడతాయి. ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా మిగిలిన తీగ పొడవుని 2 యొక్క పన్నెండో మూలంతో, అంటే సుమారు 1.0595తో భాగిస్తూ పోవాలి. పన్నెండో మెట్టుకి పొడవు సరిగ్గా సగమవుతుంది. మూడు లైన్ల ప్రోగ్రాము, రాసి చూసుకోండి.

మామూలు పెద్ద గిటారు, అంటే డ్రెడ్‌నాట్ అనే రకం, మార్టిన్ కంపెనీ లెక్క ప్రకారం 25.4 అంగుళాలు, 645 మి.మీ. దీనిమీద నట్ నుంచి నాలుగో మెట్టు దాకా 133 మి.మీ. టేలర్ వాళ్ళ జీఎస్ మినీ 23.5 అంగుళాలు, 597 మి.మీ. దీనిమీద అదే దూరం 123 మి.మీ. తేడా ఒక సెంటీమీటరు.

"ఓస్, సెంటీమీటరేనా" అనేవాళ్ళకి ఒక ప్రశ్న. మీరు రోజూ టైపు కొట్టే కీబోర్డు మీద ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకి దూరం సుమారు 19 మి.మీ. రెండు గిటార్లకీ మధ్య ఉన్న తేడా 8 శాతం. ఆ 8 శాతం మీ కీబోర్డుకి కలిపితే కీ దూరం ఇరవయ్యిన్నర అవుతుంది. రేపట్నుంచి అలాంటి కీబోర్డు ఇచ్చి తొమ్మిది గంటలు కోడు రాయమంటే మీరు ఊరుకుంటారా? హెచ్‌ఆర్‌కి మెయిలు వెళ్ళదూ? అదీ కాక కీబోర్డు మీద వేళ్ళు ఊరికే తడితే చాలు. గిటారు మీద వేళ్ళు చాపి, చాపినచోటే ఉక్కు తీగని అదిమి పట్టి, పక్క తీగకి తగలకుండా నిలబెట్టాలి.

తీగ బిగువు సంగతి ఇంకోటి. ఒకే మందం తీగ, ఒకే శ్రుతి అయితే బిగువు పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. ఇంటర్ ఫిజిక్స్. 25.4 నుంచి 23.5కి దిగితే బిగువు దాదాపు 14 శాతం తగ్గుతుంది. వేళ్ళు తక్కువ చాపాలి, తక్కువ బలంతో నొక్కాలి. రెండు లాభాలూ ఒకే అంకెలోంచి వస్తున్నాయి. ఆ అంకెని దాచిపెట్టి గులాబీ రంగు చూపిస్తే కోపం రాదూ?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంత పెద్ద గిటారుని 'మామూలు' గిటారు అని ఎవరు తేల్చారు? ఏదో శాస్త్రం ప్రకారం, మనుషుల చేతులు కొలిచి తేల్చారనుకుంటున్నారేమో. కాదు. డ్రెడ్‌నాట్ అనేది ఒక యుద్ధనౌక పేరు. 1906లో బ్రిటిషువాళ్ళు నీళ్ళలోకి దించిన హెచ్ఎంఎస్ డ్రెడ్‌నాట్ అప్పటికి యుద్ధనౌకలన్నిటినీ తలదన్నే ఓడ. 1916లో మార్టిన్ కంపెనీ ఆలివర్ డిట్సన్ అనే సంస్థ కోసం ఒక భారీ గిటారు చేసి దానికి ఈ పేరు పెట్టింది. తమ సొంత పేరుతో అమ్మడం మొదలుపెట్టింది 1931లో. వేదికల మీద మైకులు ఇంకా సరిగ్గా రాని రోజులు. పాడేవాళ్ళకి తోడుగా, బ్యాంజోల, ఫిడేళ్ళ మోతలో వినపడాలంటే శబ్దం కావాలి, అడుగున బేసు కావాలి. అందుకని పెద్ద ఒళ్ళు. అప్పటి అవసరానికి అది చక్కటి పరిష్కారం, కాదనను.

కానీ మన అవసరమేమిటి? అపార్టుమెంటులో నాలుగో అంతస్తు. రాత్రి తొమ్మిదిన్నరకి లాగవుట్ అయి, భోంచేసి, పదింటికి గిటారు తీస్తాం. పక్క గదిలో పిల్లాడు పడుకున్నాడు, కింది ఫ్లాటు అంకుల్‌కి బీపీ. మనకి కావాల్సింది శబ్దమా? రిక్వైర్‌మెంటు పోయి వందేళ్ళయింది, స్పెసిఫికేషను మాత్రం అలాగే ఉండిపోయింది. మన వృత్తిలో దీన్ని లెగసీ అంటాం. ఎవరో ఎప్పుడో పెట్టిన డిఫాల్టు విలువని మార్చే ధైర్యం లేక అలాగే మోసుకుంటూ పోవడం. కోడులో కనిపిస్తే తిట్టుకుంటాం, షాపులో కనిపిస్తే మాత్రం జేబులోంచి డబ్బు తీసిస్తాం!

అంతకుముందు గిటార్లు ఎలా ఉండేవి? చిన్నగా ఉండేవి. మార్టిన్ వాళ్ళ లెక్కలో సున్నా సైజు గిటారు వెడల్పయిన చోట పదమూడున్నర అంగుళాలు. డ్రెడ్‌నాట్ పదిహేనున్నర దాటుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ సున్నా సైజుకే కాన్సర్ట్ గిటారు అని పేరు. అంటే కచేరీ గిటారు. ఇవాళ మనం 'పిల్లలకా మేడమ్' అని నవ్వే సైజు!

అది ఆడపిల్లల సైజు అనేవాళ్ళ కోసం మరికొన్ని సంగతులు. బ్లూస్ సంగీతానికి మూలపురుషుల్లో ఒకడని చెప్పుకునే రాబర్ట్ జాన్సన్, 1938లో పోయాడు. కోటూ టోపీతో దిగిన ఆయన ప్రసిద్ధ ఫొటోలో చేతిలో ఉన్నది గిబ్సన్ ఎల్-1, చిన్న ఒళ్ళు గిటారు. ఎరిక్ క్లాప్టన్ 1992లో అన్‌ప్లగ్డ్ కచేరీలో వాయించింది 1939 నాటి మార్టిన్ 000-42. దాని స్కేలు 24.9 అంగుళాలు, డ్రెడ్‌నాట్ కన్నా అర అంగుళం తక్కువ. జోన్ బయేజ్ వాయించిన 1929 మార్టిన్ 0-45 అదే సున్నా సైజు. ఎడ్ షీరన్ పేరు చెప్తే మన ఆఫీసుల్లో సగం మంది పాడేస్తారు. 2015 జులైలో లండన్ వెంబ్లీ స్టేడియంలో వరసగా మూడు రాత్రులు బ్యాండు లేకుండా, ఒక లూప్ పెడలు, చిన్న గిటారు పెట్టుకుని ఒంటరిగా నెట్టుకొచ్చాడు. తనకి పేరు తెచ్చిన మార్టిన్ ఎల్ఎక్స్ రకం గిటారు స్కేలు 23 అంగుళాలు. 2025 ఫిబ్రవరిలో మన రామోజీ ఫిల్మ్ సిటీకి వచ్చినప్పుడు టిక్కెట్టు కోసం కొట్టుకున్నవాళ్ళెవరూ "చిన్న గిటారువాడు మనకెందుకులే" అనుకున్నట్టు లేదు.

అంత దూరం ఎందుకు, పాలకొల్లు చాలదూ? యు. శ్రీనివాస్ చేతిలో మేండొలిన్ ఎంత ఉండేది? ఒళ్ళో పెట్టుకుంటే కనపడీ కనపడనట్టుండేది. దాంతోనే కర్ణాటక సంగీత వేదికల మీద వీణల, వయొలిన్ల పక్కన సరిసమానంగా కూర్చున్నాడు. వాద్యం అంగుళాలు చూసి ఎవరూ లేచిపోలేదు.

అసలు ఈ 'ఒకటే సైజు అందరికీ' అనే మాట మన బుర్రల్లోకి ఎలా వచ్చిందో నాకు అంతుబట్టదు. మన పాత కొలతలన్నీ ఒంటిలోంచి పుట్టినవే. జాన, బెత్తెడు, మూర, బార. మల్లెపూలు మూర లెక్కన కొనేటప్పుడు అమ్మేవాళ్ళ చెయ్యి పొడుగా పొట్టా అని ఓరకంట చూసే జాతి మనది. పిల్లని వయొలిన్ క్లాసులో చేర్పిస్తే మాస్టారు ముందు చెయ్యి చాపమని కొలిచి, సగం సైజో ముప్పావు సైజో చెప్తారు. క్రికెట్ బ్యాటుకి ఎత్తుని బట్టి సైజులున్నాయి. తంబూరా కూడా పాడేవాళ్ళ శ్రుతిని బట్టి పెద్దదీ చిన్నదీ ఉంటుంది. చెప్పులు కొనేటప్పుడు "తొమ్మిదో నంబరు తీసుకోండి సార్, పాదం అలవాటవుతుంది" అంటే అదే చెప్పుతో... సరే వద్దులెండి. గిటారు దగ్గరికొచ్చేసరికి మాత్రం నోరు మూసుకుని తలూపుతాం.

ఇక వాదనలు. ఇవి నాకు కంఠతా వచ్చేశాయి కాబట్టి ఒక్కొక్కటే తీసుకుంటాను.

మొదటిది, "ప్రాక్టీసు చేస్తే చేతులు సాగుతాయి". కొంతవరకు నిజం. కండ, నరం, వేళ్ళ స్వాతంత్ర్యం సాధనతో వస్తాయి. ఎముక రాదు. పాతికేళ్ళు దాటాక నా చిటికెనవేలు ఇంకో అర అంగుళం పెరగదు. చిన్నప్పుడు సీటు అందక నాన్న సైకిలు ఫ్రేము సందులోంచి కాలు దూర్చి వంకరగా తొక్కిన పిల్లలు లేని ఊరుందా? తొక్కడం వచ్చింది, నిజమే. కానీ సైకిలు తొక్కే సరైన పద్ధతి అదేనని ఎవరూ పాఠాలు చెప్పలేదు. చిన్న సైకిలు కొనే స్తోమత లేక తొక్కారు, అంతే.

రెండోది, "ఎనిమిదేళ్ళ చైనా పిల్ల పెద్ద గిటారు మీద ఇరగదీస్తోంది, వీడియో చూశావా". చూశాను. అలాగే మొదలుపెట్టి, చెయ్యి నొప్పెట్టి మానేసిన పిల్లల వీడియోలు ఎవరూ తియ్యరు. బీరువా మీద గిటారుకి వ్యూస్ రావు. బగ్గులేని ఒక్క టెస్టు కేసు చూపించి ప్రొడక్టు రిలీజు చేద్దామనే మేనేజరు వాదన ఇది.

మూడోది, "చిన్న గిటారులో సౌండు రాదు, బేసు ఉండదు". ఇందులో నిజం ఉంది, కాదంటే అబద్ధమాడినట్టే. చిన్న ఒంట్లో గాలి తక్కువ, కింది స్వరాలు పలచబడతాయి. స్కేలు పొట్టిదయ్యేకొద్దీ లావు తీగ కాస్త వదులై గరగరలాడొచ్చు. దానికి మందు కూడా ఉంది. ఒక గేజు లావు తీగలు వేస్తే బిగువు చాలావరకు తిరిగొస్తుంది. అప్పుడు వేళ్ళకి బిగువు లాభం కొంత పోతుంది కానీ దూరం లాభం అలాగే ఉంటుంది. ఏది కావాలో ఎవరికి వాళ్ళు తేల్చుకోవాలి. ఏ వాద్యమైనా రాజీయే. నేననేది ఆ రాజీ నా చేతిని బట్టి జరగాలి అని, షాపువాడి గోడౌనుని బట్టి కాదు అని.

నాలుగోది, మహా గడుసుది. "గొప్పవాళ్ళు వాద్యాన్ని వంక పెట్టరు." అబ్బో! జోసెఫ్ హాఫ్‌మన్ అని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జగత్ప్రసిద్ధుడైన పియానో విద్వాంసుడు. ఆయన చేతులు చిన్నవి. స్టైన్‌వే కంపెనీ ఆయన కోసం మీటలు కాస్త సన్నగా ఉన్న పియానోలు ప్రత్యేకంగా చేసిచ్చింది. అంతటివాడు మద్దెల మార్చుకుంటే అది దర్జా, నేను అడిగితే ఆడలేకపోవడం!

ఇదంతా ఒక సరదా వ్యవహారం, దీనికింత ఆవేశమెందుకు అని మీకనిపించవచ్చు. సరదా కాదండీ, ఇక్కడే అసలు విషయముంది. మన తిండి వచ్చేది ఈ చేతులతోనే. రోజంతా కీబోర్డు మీద, మౌసు మీద ఉండే మణికట్లు ఇవి. మణికట్టు బాగా వంగినప్పుడు లోపల నరం వెళ్ళే సన్నటి సొరంగంలో ఒత్తిడి పెరుగుతుంది. ఆ వంచిన మణికట్టుతోనే గట్టిగా అదిమి పట్టడం, అదే పనిగా గంటసేపు చెయ్యడం, పగలంతా టైపు కొట్టి వచ్చాక చెయ్యడం, ఇవన్నీ కలిస్తే ఏమవుతుందో మన ఆఫీసుల్లో మణికట్టుకి పట్టీ కట్టుకుని తిరిగేవాళ్ళని అడగండి. చెయ్యి చిన్నదై మెడ పొడుగైతే చేరలేని మెట్టు కోసం వంచేది మణికట్టునే. ఒళ్ళు లావైతే దాని మీదుగా చెయ్యి వెయ్యడానికి ఎత్తేది కుడి భుజాన్నే. కంపెనీ కుర్చీ ఎత్తు సరిచేసి, మానిటరు కంటి ఎదురుగా పెట్టి, కాళ్ళ కింద పీట కూడా వేస్తుంది. అదే మనిషి ఇంటికొచ్చి పదహారు అంగుళాల పెట్టె మీద భుజం వేలాడదీసి, "నొప్పి లేనిదే విద్య రాదు" అనుకుంటాడు. వేళ్ళ కొసలు కాయలు కాచడం విద్య. మణికట్టు తిమ్మిరెక్కడం విద్య కాదు, అది హెచ్చరిక. ఈ రెంటికీ తేడా చెప్పని మాస్టారు ఎంత విద్వాంసుడైనా నా దృష్టిలో పాఠం సగమే చెప్పినట్టు.

ఇది ఆడవాళ్ళ సమస్య మాత్రమే అనుకోకండి. మా టీములో ఒకాయన ఆరడుగుల మనిషి, అరచెయ్యి తమలపాకంత, వేళ్ళు బెండకాయలంత. రెండేళ్ళుగా బేర్ కార్డులతో కుస్తీ పడుతున్నాడు. నేను చిన్న గిటారు పట్టుకుని చూడమంటే చుట్టూ చూసి, "ఎవరైనా చూస్తే బొమ్మ గిటారంటారు" అన్నాడు. పరువు కోసం చెయ్యి పాడుచేసుకునే ఆడంబరం మన మగవాళ్ళకే చెల్లింది.

మరి ఏం చెయ్యమంటావు అంటే, చెప్తాను. తిట్టి వదిలేస్తే ఆ షాపువాళ్ళకీ నాకూ తేడా ఏముంది.

ముందు ఒళ్ళు వేరు, మెడ వేరు అని గుర్తుంచుకోండి. రెండూ కలిసి చిన్నవవ్వాలని లేదు. మన దగ్గర బాగా కనిపించే యమహా ఎఫ్310 ఒళ్ళు పెద్దదే, స్కేలు మాత్రం 634 మి.మీ. అదే కంపెనీ ఎఫ్‌జీ800 స్కేలు 650, దాని చిన్న ఒళ్ళు తోబుట్టువు ఎఫ్‌ఎస్800 స్కేలు 634. ఇంకోవైపు, మార్టిన్ ఓఎం రకం ఒళ్ళు డ్రెడ్‌నాట్ కంటే చిన్నది, స్కేలు మాత్రం అదే 25.4. మీకు అందనిది మెడ మీద మెట్టా, పెట్టె మీద భుజమా, ముందు అది తేల్చుకోండి.

'ముప్పావు సైజు' అన్న మాటని లెక్కగా నమ్మకండి. ముప్పావు క్లాసికల్ గిటారు స్కేలు సాధారణంగా 580 మి.మీ. దగ్గర ఉంటుంది. పూర్తి సైజు 650. భాగిస్తే వచ్చేది 89 శాతం, 75 కాదు. అది పేరు మాత్రమే.

ఎంత స్కేలు సరిపోతుందో తెలుసుకోవడానికి డబ్బు ఖర్చవ్వదు. స్నేహితుల గిటారు తీసుకుని రెండో మెట్టు మీద కాపో పెట్టండి. 650 స్కేలు గిటారు అయితే మిగిలే తీగ 579 మి.మీ., అంటే దాదాపు ఆ ముప్పావు గిటారే. ఒకటో మెట్టు మీద పెడితే 613. అలా పెట్టి మీకు పడని కార్డులు పట్టి చూడండి. శ్రుతి పెరుగుతుంది, పరవాలేదు, మనం చూసేది చెయ్యిని. ఒక్క జాగ్రత్త. కాపో పెట్టగానే తీగలు కూడా మెడకి దగ్గరవుతాయి. అందుకని నొక్కడం తేలికైందా, చాపడం తేలికైందా అని విడివిడిగా గమనించండి. నొక్కడమే తేలికైతే దోషం స్కేలుది కాకపోవచ్చు, నట్ గాడులు లోతు చాలక తీగలు ఎత్తుగా ఉండొచ్చు. కొత్త గిటారు అక్కర్లేదు, చేయి తిరిగిన రిపేరు మనిషి దగ్గర ఆ గాడులు సరిచేయించుకుంటే చాలు. ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోయినవాళ్ళలో ఎంతమంది ఈ గాడుల దగ్గర ఆగిపోయారో భగవంతుడికెరుక.

మెడ ఒంటితో ఎక్కడ కలుస్తుందో కూడా చూడండి. ఎక్కువ గిటార్లలో పద్నాలుగో మెట్టు దగ్గర కలుస్తుంది. పన్నెండో మెట్టు దగ్గర కలిసేవి కూడా ఉన్నాయి. స్కేలు అంతే ఉన్నా ఆ రకంలో ఒకటో మెట్టు మీ వైపుకి జరుగుతుంది, ఎడమ చెయ్యి అంత దూరం చాపక్కర్లేదు. నట్ వెడల్పు కూడా చూడండి. ఉక్కు తీగల గిటారుకి 43 మి.మీ. మామూలు, క్లాసికల్‌కి 52 దాకా ఉంటుంది. పొట్టి స్కేలు కదా అని ముప్పావు క్లాసికల్ తీసుకుంటే మెడ అడ్డంగా వెడల్పై మళ్ళీ మొదటికి రావచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం, షాపుకి టేపు పట్టుకెళ్ళండి. నట్ నుంచి పన్నెండో మెట్టు దాకా కొలిచి రెట్టింపు చెయ్యండి. అదే స్కేల్ లెంగ్త్. పెట్టె మీద ఏం రాసినా, కుర్రాడు ఏం చెప్పినా అది మారదు. నేనలా కొలుస్తుంటే ఒక షాపులో "బట్టల కొట్టనుకున్నారా మేడమ్" అన్నారు. అవును, అలాగే అనుకోవాలి. బట్టలకి ఉన్న ఇంగితం వాద్యానికి ఎందుకుండకూడదు? చివరికి నాకు 600 మి.మీ. స్కేలున్న పార్లర్ గిటారు దొరికింది. దొరికేసరికి మూడు నెలలు పట్టింది, నెలన్నర ముందే డబ్బు చేతిలో సిద్ధంగా ఉంది. కొనేవాళ్ళు లేక తెప్పించడం లేదంటారు షాపువాళ్ళు. తెప్పించకపోతే అలాంటిదొకటి ఉందని కొనేవాళ్ళకెలా తెలుస్తుంది? ఎవరో ఒకరు అడగడం మొదలుపెట్టాలి. మీరు ఆన్‌లైన్లో కొంటే కింద ప్రశ్నల పెట్టెలో స్కేల్ లెంగ్త్ ఎంత అని అడగండి. జవాబు రాకపోతే కొనకండి. పదిమంది అడిగితే పదకొండోవాడికి పేజీలోనే కనిపిస్తుంది.

మాస్టార్లకి ఒక మనవి. కొత్తగా వచ్చినవాళ్ళ చేతులు మొదటిరోజే ఒకసారి చూడండి సార్. మూడో నెలలో వాళ్ళు క్లాసు మానేశాక "ఈ తరానికి ఓపిక లేదు" అనడం కన్నా అది తేలిక.

బీరువా మీద గిటారున్న మిత్రులారా, ఈ ఆదివారం దాన్ని దించండి. దుమ్ము దులిపి, టేపు పెట్టి కొలవండి. తర్వాత మీ జానెడు కొలవండి. రెండు అంకెలూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని, అప్పుడు తేల్చండి, సంగీతం ఒంట్లో లేదో, ఆ పెట్టె మీ ఒంటిది కాదో.